ఇస్త్రీ గదిలో మాత్రల డబ్బా

హోటలు ఇస్త్రీ గదిలో అందరూ ఆమెను పిచ్చుక అనేవాళ్ళు, ఆ నోటికి మూతపడేది కాదు కనుక. కాన్పు తర్వాత పనిలోకి తిరిగొచ్చిన పిచ్చుక మాత్రం దుప్పట్లు మడతపెడుతూ మూగనోము పట్టినట్టు ఉండేది.

ఆ గదిలో అరమీద ఒక రేకు డబ్బా ఉంది. ఎవరింట్లో మిగిలిన మాత్రలు వాళ్ళు తెచ్చి అందులో వేస్తారు, ఒంట్లో బాగోనివాళ్ళు తీసి మింగుతారు. కడుపు తిప్పినప్పుడల్లా పిచ్చుక అందులోంచి ఎర్ర గొట్టం మాత్ర వేసుకునేది. ఓ పూట తెరిపిచ్చినట్టే ఉండేది, మళ్ళీ మొదలు. ఇంటికెళ్తే బిడ్డ ఏడుపు పక్కింట్లోంచి వస్తున్నట్టు వినపడేది. ఎత్తుకోబుద్ధి కాదు. ఆ మాట పైకి అంటే పిచ్చిదని, బిడ్డను తన చేతికివ్వరేమోనని కడుపులోనే దాచుకుంది.

అత్త ఊరుకునే మనిషి కాదు. కోడలు నడుం వాల్చినప్పుడల్లా, తాను కన్న మర్నాడే బట్టలుతికానని వినిపించేది. చివరికి ఆమే, కోడలి కళ్ళు గుంటలు పడటం చూసి, బిడ్డను చంకనేసుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

డబ్బా సంగతి విని డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆ ఎర్ర గొట్టాలు యాంటీబయాటిక్ మాత్రలట. పేగుల్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులు కోట్లకొద్దీ ఉంటాయని, ఈ మాత్రలు చెడ్డవాటితోపాటు వాటినీ ఊడ్చేస్తాయని చెప్పింది. అలా పేగుల్లో వాపు రేగితే దాని సెగ మనసుకూ తగలొచ్చునట. అయితే కడుపు ముందో మనసు ముందో ఇంకా పూర్తిగా తేలలేదట.

పిచ్చుకకు ప్రాణం లేచొచ్చింది. తప్పంతా కడుపుదే అయితే ఇక ఆ మాట చెప్పనక్కర్లేదు. లేవబోయింది.

"కూర్చోమ్మా. మనసెలా ఉంటోంది?"

అత్త అందుకుంది. "దానికేమండీ, కడుపు బాగయితే అదే కుదుటపడుతుంది."

తలూపితే సరిపోయేది. కానీ ఇంటికి పోతే మళ్ళీ అదే ఏడుపు.

"బిడ్డ ఏడుస్తున్నా ఎత్తుకోబుద్ధి కావట్లేదండీ," అంది పిచ్చుక, నేల చూస్తూ.

డాక్టరమ్మ ఉలిక్కిపడలేదు. కాన్పయ్యాక చాలామందికి వచ్చే జబ్బేనని, పిచ్చి కాదని, కడుపుతోపాటు దీనికీ వైద్యం చేయాలని, పాలిచ్చే తల్లికి పడే మందులే రాస్తానని చెప్పింది.

బయట వసారాలోకొచ్చాక అత్త ఆగింది. బిడ్డను కోడలికి అందించబోయింది.

"కాసేపు మీరే ఎత్తుకోండి అత్తయ్యా," అంది పిచ్చుక. ఇన్నాళ్ళలో సాయం అడగడం ఇదే మొదలు.

అత్త బిడ్డను భుజం మార్చుకుంది. "ఎత్తుకుంటాలే. ఆ మందుల సంచీ అన్నా పట్టుకో, అదీ నేనే మొయ్యాలా?"

పిచ్చుక సంచీ అందుకుంది. అదీ బరువుగానే ఉంది.