తప్పులు పట్టే వంతు

బట్టల కటింగ్ నేర్పే ఆన్‌లైన్ క్లాసులో మా సారు వారానికో వేషం వేయిస్తాడు. ఒకరు డిజైను పెట్టాలి, ఒకరు తప్పులు పట్టాలి, ఒకరు మెచ్చుకోవాలి, ఒకరు చివర్లో అందరి మాటా కలిపి చెప్పాలి. లేకపోతే అందరం "బాగుంది, బాగుంది" అని తప్పించుకుంటామట.

పోయిన వారం తప్పులు పట్టే వంతు నాకొచ్చింది. ప్రాణం లేచొచ్చిందనుకోండి. ఎందుకంటే డిజైను పెట్టాల్సింది మా తోడికోడలు. మా ఇద్దరిదీ ఒకటే కుట్టు కొట్టు. దానికి మిషను తొక్కడం నేర్పిందే నేను. ఇప్పుడేమో గుమ్మంలోకొచ్చిన ప్రతివాళ్ళూ దాన్నే వెతుక్కుంటూ "చిన్నక్క లేదా?" అంటారు. నేనేమన్నా దిష్టిబొమ్మనా?

అది చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళ కోసం కోటు గీసింది. వెనక పొట్టి, ముందు పొడుగు. కూర్చుంటే నడుం కింద గుడ్డ మడతపడి ఒత్తుకోదు. చూడగానే నా కడుపు భగ్గుమంది. భుజం వంకర, జేబు దండగ, గుడ్డ వృథా అని చెడామడా రాసిపారేశా. సారేమో "ఈ పాత్ర ఇంత బాగా ఎవరూ చెయ్యలేదమ్మా" అన్నాడు. పాత్రట! నా సొంత మంట అది.

ఈ వారం నాది మెచ్చుకునే వంతు. మళ్ళీ ఆ కోటే, ఈసారి కుట్టి ఫొటో పెట్టింది. పళ్ళు నూరుకుంటూ మెచ్చుకున్నా. నా ఖర్మ, రాసిందంతా నిజమే.

ఇవాళ కొట్టు తెరవగానే కోటు తెచ్చి నా ముందు పరిచింది.

"అక్కా, సారు దీన్ని పోటీకి పంపమంటున్నారు. గడువు ఇవాళే. నువ్వు బాగుందంటేనే పంపుతా."

"రాశాగా!"

"అది నీ వంతు కాబట్టి రాశావు. పోయిన వారం తిట్టిందీ వంతేగా. అసలు నీకేమనిపించింది?"

"ఏదో ఉందిలే" అంటే చాలు, మారుమాట్లాడకుండా మడిచి లోపల పెట్టేస్తుంది. కొట్లో నా పెద్దరికం నాకుంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. చెయ్యి మాత్రం కోటు వెనక కుట్టు తడుముతోంది. ఎక్కడా ముడత లేదు, దీని దుంపతెగ.

"ఏమనిపించిందా? ఇది నాకెందుకు తట్టలేదా అని ఒళ్ళు మండి చస్తున్నా! కంటికి కునుకు లేదు. చాలా? పంపించి తగలడు!"

అది నా మొహంలోకి చూసింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

"ఇది వంతు కాదులే," అంటూ ఫోను తీసి కోటు ఫొటో పోటీకి పంపేసింది.

ఇంతలో గుమ్మంలో ఎవరో "చిన్నక్క ఉందా?" అన్నారు.

"ఉంది, రండి," అన్నాను నేనే.