బకారీ తాతకు వంత

మేరీకుమారి నోట్లో నువ్వుగింజ నానదని పాలకొల్లులో అందరికీ తెలుసు. ఫ్రైబర్గ్‌లో ఆ సంగతి తెలియడానికి కరోనా రావాల్సొచ్చింది. అంతకుముందు ఆవిడ మాట్లాడుకోడానికి జర్మన్ క్లాసుండేది, చర్చి ఉండేది, తెలుగువాళ్ళ ఇళ్ళల్లో భోజనాలుండేవి. లాక్‌డౌన్‌తో అన్నీ మూతబడ్డాయి. మిగిలింది మొగుడు సుందర్‌రాజ్ ఒక్కడు. ఆయన చూస్తే ఇక్కడి గనుల యూనివర్సిటీలో రాళ్ళమీద రీసెర్చి చేసే మనిషి. రాళ్ళతో ఉండీ ఉండీ వాటి గుణమే వచ్చింది. అడిగితే ఊఁ, అడక్కపోతే అదీ లేదు.

మరేం చేస్తుంది పాపం, బాల్కనీలోకొచ్చి నిలబడింది.

పెరటికి అవతలివైపు కింది వాటాలో బకారీ కుయాతే అని ఎనభై దాటిన పెద్దాయన ఉంటాడు. మాలి దేశం మనిషి. ఇది తూర్పు జర్మనీగా ఉన్న రోజుల్లో చదువుకోడానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన జర్మన్‌లో ఈ ఊరి యాస ఎంత చిక్కగా ఉంటుందంటే, మ్యూనిక్ నుంచి ఎవరైనా వస్తే పక్కన దుబాసీని పెట్టాలి. మంచి రోజుల్లో ఆదివారం ఆదివారం ఆయనా, ఆయన స్నేహితుడు ఆదామా పెరట్లో కుర్చీలేసుకుని కూర్చునేవారు. ఈయన ఎంగోనీ అనే నాలుగు తీగల వాయిద్యం మీటుతూ వాళ్ళ భాషలో ఏదో కథ చెప్పేవాడు. ప్రతి మాట చివరా ఆదామా తలూపి "నాము" అనేవాడు. నిజం అని అర్థమట.

ఏప్రిల్లో ఆదామాని అంబులెన్సులో తీసుకెళ్ళారు. తిరిగి రాలేదు. సమాధి దగ్గరికి కూడా నలుగురినే రానిచ్చారు. ఆ రోజు నుంచీ ఎంగోనీ గోడకెక్కింది.

మేరీకుమారికి మనసాగలేదు. రొయ్యల పులుసు డబ్బాలో పోసి ఆయన తలుపు గుబ్బకి సంచీతో తగిలించొచ్చేది. ఆయన డబ్బా తళతళా కడిగి తిరిగి తగిలించేవాడు. నాలుగైదు పులుసులయ్యాక ఆవిడ బాల్కనీ మీంచే కేకేసింది.

"తాతగారూ, వాయించడం మానేశారేం?"

"నాము ఎవరంటారు?" అన్నాడు తాత.

తర్వాత చెప్పుకొచ్చాడు. వాళ్ళది మన భట్రాజుల్లాంటి కులం. తాతముత్తాతలు దొరల్ని పొగిడి బతికారు. ఈయన మాత్రం ఎదురు తిరిగి, అప్పట్లో దేశాన్నేలే ఫ్రెంచివాళ్ళ కమాండెంట్ టోపీ మీద వెక్కిరింత పాట కట్టాడు. ఆ టోపీ ఎగిరిపోయే గాలి ఎప్పుడొస్తుందర్రా అని. ఆదామాతో కలిసి లారీ మీద ఊరూరా తిరిగి పాడితే, సజ్జలు దంచే ఆడవాళ్ళంతా రోకటిపోటుకి దాని పల్లవి అందుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి ఆ పాటే పాడాడు. టేపు మీద కూడా ఎక్కించారు. కొన్నేళ్ళకి సైన్యం ప్రభుత్వాన్ని కూల్చేసినప్పుడు ఆ టేపు ఎవరో చెరిపేశారు.

"తర్వాత ఆ పాట మొత్తంగా రెండు బుర్రల్లోనే ఉంది. ఇప్పుడు ఒక బుర్రలో ఉంది. దానికి ఎనభై రెండేళ్ళు" అన్నాడు తాత. "సెప్టెంబరు ఇరవై రెండుకి మా స్వాతంత్ర్యానికి అరవై ఏళ్ళు. బమాకోలో ఒక రేడియో ఆయన ఫోన్లో చెప్పమన్నాడు, ప్రసారం చేస్తానన్నాడు. కానీ నాము అనేవాడు లేకుండా కథ చెబితే మా వాళ్ళ లెక్కలో అది పిచ్చివాడి గొణుగుడు. పాట కథలోంచి విడిగా రాదు."

మేరీకుమారి ఒళ్ళు పులకరించింది. ఎందుకు పులకరించదూ! ఆవిడ నాన్న క్రీస్తు చరిత్రని బుర్రకథగా చెప్పిన మనిషి. మధ్యలో కథకుడు, రెండు పక్కలా ఇద్దరు వంతలు. ఒకరు గంభీరంగా తందాన అంటే, రెండోవారు హాస్యం పట్టాలి. పరికిణీ కట్టిన నాటినుంచి పెళ్ళయ్యేదాకా ఆ హాస్యపు వంత మన మేరీకుమారే.

"తాతగారూ, నేనున్నాను!" అంది.

మర్నాడే రిహార్సలు. ఆయన పెరట్లో, ఈవిడ మాస్కు కట్టుకుని దూరంగా ఇంకో కుర్చీలో. ఆవిడకి అర్థం కావాలని కథంతా జర్మన్‌లోకి మార్చాడు, పాట ఒక్కటే వాళ్ళ భాష.

"పాట విని కమాండెంట్ మండిపడ్డాడు."

"నాము."

"నన్ను జైల్లో పెట్టమన్నాడు."

"నాము."

"నేను ఆవగింజంతైనా భయపడలేదు."

"అబ్బో! మరి జైలు మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళెందుకు గజగజలాడాయి తాతగారూ?"

తాత తీగమీద వేలు అలాగే ఆగిపోయింది. లేచాడు. లోపలికెళ్ళి ధడాలున తలుపేసుకున్నాడు.

"ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరికే అన్నారా" అని గొణిగాడు సుందర్‌రాజ్ బాల్కనీలోంచి. ఆ వారం ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

మేరీకుమారి తలుపవతలనుంచి సంజాయిషీ ఇచ్చుకుంది. వంత గిచ్చకపోతే మా ఊళ్ళో జనం వేరుశెనక్కాయలకి లేచిపోతారు తాతగారూ, అది మా పద్ధతి. తాత లోపల్నుంచే జవాబిచ్చాడు. నాము అనేవాడు సాక్షి, ఎదురు ప్రశ్న వేస్తే సాక్ష్యం తిరగబడ్డట్టు, అది మా పద్ధతి. పులుసు తిన్నాడు గానీ తలుపు తియ్యలేదు. కొన్ని రోజుల తరవాత ఓ పొద్దున ఆయనే బాల్కనీ కిందకొచ్చి నిలబడ్డాడు.

"వణికాయి" అన్నాడు.

"ఏంటండీ?"

"మోకాళ్ళు. ఆదామాకి కూడా చెప్పలేదు. మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. వంత అలా అడగాలంతే."

తాత మూడు వేళ్ళు చూపించి, "అది కూడా కథలో పెడదాం. కానీ మూడు నాములకి ఒక్క గిచ్చుడే" అని బేరం కుదిర్చాడు.

ఇక ఆ వేసవంతా పెరట్లో సందడే సందడి. కొత్త ప్రభుత్వం తననీ ఆదామానీ గనుల చదువుకి పంపిందంటాడు తాత. పాటగాడికి గనులేంటండీ అని ఈవిడ గిచ్చుతుంది. కొత్త దేశానికి పాటలు చాలు, ఇప్పుడు బంగారం తవ్వాలన్నారట. ఇక్కడుండగానే అక్కడ సైన్యం దిగింది, తిరిగెళితే మళ్ళీ జైలే. సరే, ఇక్కడివాళ్ళు ఆఫ్రికా సోదరుడని వేదికెక్కిస్తే, అప్పట్లో ఎప్పుడో గానీ దొరకని అరటిపళ్ళ కోసం ఈ ఊరివాళ్ళు నిలబడే లైను మీద ఓ చరణం కట్టాడు. మళ్ళీ ఏ వేదికా పిలవలేదు. ముప్పై ఏళ్ళు పంపులు రిపేరు చేసి బతికాడు.

"అరటిపళ్ళకి లైనా! పాలకొల్లొచ్చుంటే గెలలకి గెలలే ఇచ్చేవాళ్ళం కదండీ" అనేది మేరీకుమారి. తాత పగలబడి నవ్వేవాడు.

ఇంతలో ఆగస్టులో మాలిలో మళ్ళీ సైన్యం దిగింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డమంటే ఇదే. రేడియో ఆయన ఫోనెత్తడం మానేశాడు.

"నేను పాడదామనుకున్నప్పుడల్లా సైన్యం దిగుతుందేంటి? నా గొంతు అంత ఘోరంగా ఉంటుందా?" అన్నాడు తాత. అని నవ్వాడు గానీ ఎంగోనీని గోడకి కూడా తగిలించలేదు, సంచీలో పెట్టి జిప్పు లాగేశాడు. "పోనివ్వండి ఫ్రావ్ మేరీ. అయిపోయింది."

మేరీకుమారికి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి.

"రేడియో పోతే దాని ఖర్మ. పాట పోతే మాత్రం నేనూరుకోను!" అంది. ఆ ఊపులోనే వెళ్ళి కింద వాటా ఫ్రావ్ లోరెంట్స్, అదే లోరెంట్స్‌గారి తలుపు కొట్టింది. ఈ ఫ్రావ్ లోరెంట్స్ ఎవరంటే, ఇక్కడ చప్పుడు చెయ్యకూడని వేళ, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా, బిల్డింగులో చీమ తుమ్మినా బయటికొచ్చే మనిషి. సుందర్‌రాజ్‌కి ఆవిడంటే ప్రొఫెసర్ కంటే భయం. సెప్టెంబరు ఇరవై రెండున పెరట్లోనే కథ చెప్పుకుంటామంటే ఆవిడ మొత్తం విని, "సాయంత్రం అయిదుకి. ఒక్క గంట. గడ్డి తొక్కకూడదు" అంది. తీరా ఆ రోజు అందరికంటే ముందు మడత కుర్చీ వేసుకుని కూర్చున్నది కూడా ఆవిడే.

తాత సంచీ జిప్పు తీసి, ఎంగోనీతో నీలం జుబ్బాలో వచ్చాడు. కిటికీల్లో, బాల్కనీల్లో జనం. సుందర్‌రాజ్ రికార్డు చేస్తానని ఫోను రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. కథ మొదలైంది. టోపీ వచ్చింది, జైలొచ్చింది, మోకాళ్ళొచ్చాయి, జనం నవ్వారు. స్వాతంత్ర్యం రాత్రి వచ్చింది.

"లారీ ఎక్కాను. కింద వేలమంది. నా పక్కన..."

తాత ఆగాడు.

"నాము" అంది మేరీకుమారి మెల్లిగా.

"నా పక్కన..." మళ్ళీ ఆగాడు. పెదాలు కదిలాయి గానీ ఆదామా పేరు బయటికి రాలేదు. ఎంగోనీ ఒళ్ళోకి జారింది. చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

మేరీకుమారి కుర్చీ అంచుకి జరిగింది. నాము అందామంటే దేనికని? గిచ్చుదామంటే ఏమని గిచ్చుతుంది? పాట ఇంకో నాలుగు మాటల అవతలుంది. ఇవాళ రాకపోతే ఇక రాదని ఆవిడకి తెలుసు. నాన్న మేళంలో కథకుడికి గొంతు పోతే వంత కథెత్తుకోవాలి. ఎత్తుకున్నదెప్పుడూ లేదు. అయినా లేచి నిలబడింది.

"లారీ ఎక్కాడు బకారీ! పక్కనే నిలిచాడు ఆదామా!"

మాటలు జర్మన్, దరువు పాలకొల్లు. వ్యాకరణమంతా గోదాట్లో కలిసింది. ఐతేనేం, కథ కదిలింది. కానీ చరణం చివర వంత ఏదీ? వంత కూర్చోవాల్సిన కుర్చీ ఖాళీ.

"నాము" అంది ఓ గొంతు.

తాతది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆ మాట ఇంకొకరికి అన్నది లేదు.

"ఎర్ర లారీ మీద ఎగిరింది జెండా!"

"నీలం లారీ!" అన్నాడు తాత తలెత్తకుండానే.

"నీలం లారీ మీద ఎగిరింది జెండా! ఆదామా డోలు కొడితే దేశమంతా దద్దరిల్లె!"

"ఏం డోలు? దాని తోలు పొద్దున్నే చిరిగింది!" తాత మొహం మీంచి చేతులు తీసేశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "నూనె డబ్బా కొట్టాడు, డబ్బా!"

కిటికీలన్నీ గొల్లుమన్నాయి. ఆ నవ్వులోనే తాత ఎంగోనీ అందుకున్నాడు. అరవై ఏళ్ళనాటి పాట, కమాండెంట్ టోపీ పాట, ఫ్రైబర్గ్ పెరట్లో మొదట్నుంచి చివరిదాకా పాడాడు. గొంతు రెండుచోట్ల బొంగురుపోయింది, ఆగలేదు. చరణం చివర నాము అన్నవాళ్ళలో ఫ్రావ్ లోరెంట్స్ గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది.

జనం చప్పట్లు కొట్టి లోపలికెళ్ళాక మేరీకుమారి మంచినీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టి దూరం జరిగింది. తాత గ్లాసు ముట్టుకోలేదు.

"ఇంత బాగుంటుందా?" అన్నాడు.

"ఏదండీ?"

"నా కథ. అరవై ఏళ్ళు చెప్పాను గానీ ఒక్కసారైనా విన్లేదు. మొత్తం విన్నది వాడొక్కడే." "దొంగవెధవ! ఇంత బాగుంటుందని ఒక్కనాడైనా చెప్పాడా?"

మేరీకుమారి మాస్కు కిందనుంచి కళ్ళు తుడుచుకుంది.

"మాటమాటకీ చెప్పాడు కదా తాతగారూ" అంది.