ఫోర్నాక్సమ్మ ఇచ్చిన నిప్పు

దగ్గరగా జరగండి తల్లీ, చాప మీద ఇంకా చోటుంది. వెనకున్న బాబూ, నువ్వూ రా. ఇది చెవిలో పడితే చాలదు, చేతికి అందాలి.

అనకాపల్లి పక్క ఊళ్ళో సత్తియ్యా, అతని భార్య చిన్నమ్మలూ ఏటా పుష్యమాసంలో బెల్లం వండేవారు. పొద్దున్నే పొయ్యికి పసుపు రాసి దణ్ణం పెట్టడం, చెరుకు ఆడడం, పెనం నిండా రసం కాచడం. పక్క పాకలో తోడికోడలు నూకరత్నానిదీ అదే పని. ఇద్దరికీ మాటల్లేవు. అరవై రెండులో ఒక సాయంత్రం చిన్నమ్మలు గరిటె పట్టుకుని నిప్పుకి వెళితే, "దీపాలెట్టేసేం. ఇప్పుడు నిప్పిత్తే లచ్చిమెళ్ళిపోద్ది" అని నూకరత్నం తలుపేసింది. అంతే.

అరవై నాలుగులో ఒక సాయంత్రం, పెనాల్లో రసం పోశాక, గాలివాన కొట్టింది. రెండు పొయ్యిల్లోకీ నీళ్ళు. ఊళ్ళో అగ్గిపెట్టెలన్నీ మెత్తబడ్డాయి. పులిసిన రసం బెల్లం కట్టదు. సత్తియ్య వాళ్ళ ఆఖరి మడి చెరుకంతా ఆ పెనంలోనే ఉంది.

వాన వెలిశాక బడి పంతులు అబ్దుల్ సత్తార్ గారు గొడుగు ముడుస్తూ వచ్చారు. దక్షిణాన మబ్బు విడిన చోట మూడు మసక చుక్కలు చూపించారు.

"అది ఫోర్నాక్స్ అమ్మా. లాటిన్ మాట, పొయ్యి అని అర్థం. రొట్టెలు కాల్చినా సున్నం కాల్చినా రోము వాళ్ళకి అది ఫోర్నాక్సే. ఆ పేరుతో అమ్మవారినీ కొలిచేవారట. తరవాతి వాళ్ళు ఆ పేరే ఈ చుక్కలకి పెట్టుకున్నారు."

"పేరెట్టుకుని ఏటి సేత్తారు మాస్టారూ?"

"పిలుస్తారు. పేరు తెలీకుండా ఎవరింట్లో నిప్పడుగుతాం?"

చిన్నమ్మలు కొంగు తలమీద కప్పుకుని గరిటె పైకెత్తింది. "ఫోర్నాక్సమ్మా, కాసింత నిప్పెట్టు."

పైనుంచి మూడు నిప్పు కణికలు గరిటెలో పడ్డాయి.

"బూడిద కప్పు, ఆరిపోద్ది" అన్నాడు సత్తియ్య.

పొయ్యిలో నీళ్ళు తోడి, అటక మీది పొడి చెరుకు పిప్పి దింపుతుంటే చిన్నమ్మలుకి పక్క పాకలో నూకరత్నం కనబడింది. ఆరిన పొయ్యి ముందు, ఖాళీ గరిటె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అడగలేదు.

"మూడూ ఉంటేగానీ మనది అంటుకోదే" సత్తియ్య గొణిగాడు. "పైగా దీపాలెట్టేసేం."

"ఆ పైనున్న తల్లి దీపాలెట్టేకే కదా ఇచ్చింది."

రెండు పాకల మధ్య గట్టు దాటి వెళ్ళి ఒక కణిక నూకరత్నం గరిటెలో వేసింది. మిగిలిన రెండింటి మీదా చాలాసేపు ఊదాల్సొచ్చింది. ఊదితే అంటుకుంది.

తెల్లవారి నూకరత్నం వేడి బెల్లం ఆకులో పెట్టుకొచ్చింది. "తిను అప్పా" అంది. ఆ వైపు అక్కని అప్ప అంటారు.

"పాకం ముదిరింది" అంది చిన్నమ్మలు నములుతూ.

"సెప్పడానికి రెండేళ్ళై నువ్వు రాలేదు మరి."

దేవుడు మీ గరిటెలో మూడు వేస్తే, నాయనా, పక్కింటికి ఒకటి. అడక్కపోయినా సరే. చిన్నమ్మలు గట్టు దాటిన ఆ అడుగు గుర్తుంచుకోండి. రేపు మీరూ దాటండి.