వెనక బండిలో వస్తారు

అంటుజబ్బు మొదలై బండ్లు తిరక్కూడదని ఆజ్ఞ రాగానే, డ్రైవరు పని చేసే ఆ ఇంటి కొడుకు తన యాత్రల వ్యాన్‌ని ఇంటి ముందు గోడకి ఆనించి నిలిపేశాడు. ఎక్కేవాళ్లు లేకపోయినా దానికి పని తప్పలేదు. వీధిలో పిల్లులకి పైకప్పు పడకగది అయింది. డ్రైవరు భార్య, అంటే ఆ ఇంటి కోడలు, కొన్నాళ్లు ఓర్చుకుని ఆ తర్వాత ఉతికిన దుప్పట్లు దాని మీదే ఆరేసింది. అతను చూసి ఏదో అనబోయి మానేశాడు. సంపాదన ఆగిపోతే మగవాడి నోరు కూడా కాస్త నెమ్మదిస్తుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

కదలని బండికి బ్యాటరీ చచ్చిపోతుంది కనక రోజూ పొద్దున్నే అతను ఇంజన్ వేసి కాసేపు ఉంచేవాడు. ఆ చప్పుడు వినబడితే చాలు, అత్తగారు చేతిసంచి చంకన పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చి కిటికీ పక్క సీట్లో కూచునేవారు. ఆవిడకి మతిమరుపు మొదలై అప్పటికే కొంతకాలమైంది. ఇంజన్ మోగుతోందంటే బండి నడుస్తున్నట్టే ఆవిడ లెక్క. మామగారు పక్కన చేరి ఎదురింటి ప్రహరీ చూపిస్తూ, "అదిగో వంతెన, ఆ కింద నది" అని చెప్పుకుపోయేవారు. ఆయన బళ్లో భూగోళం చెప్పి రిటైరైన మేష్టారు. చూడని దేశాలన్నీ చూసినట్టే చెప్పడం ఆయనకి కొత్త కాదు.

"సముద్రం ఎప్పుడొస్తుందండీ?" అనేవారు అత్తగారు.

"ఇంకాస్త దూరం. నువ్వో కునుకు తియ్యి, వచ్చాక లేపుతాను."

జబ్బు రెండోసారి ఊరి మీద పడినప్పుడు ఆయనకి జ్వరం వచ్చింది. ఒళ్లంతా కప్పుకున్న ఇద్దరు మనుషులు వచ్చి తీసుకెళ్లారు. వెంట ఎవరూ రాకూడదన్నారు. సొంత బండి వాకిట్లో ఉండగా ఆయన వేరే బండిలో ఒక్కరే వెళ్లారు. మళ్లీ రాలేదు. ఆస్పత్రి నుంచి పిలుపు కొడుక్కి మాత్రమే వచ్చింది. అతను వెళ్లొచ్చి, పెరట్లో బట్టలు నానేసి, స్నానం చేసి, "అయిపోయింది" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. కోడలూ అడగలేదు. అడిగితే వెళ్లి బండి కింద దూరతాడు. కోపమొచ్చినా దుఃఖమొచ్చినా అతనికి ఎక్కడో ఒక నట్టు వదులుగా కనబడుతుంది.

అత్తగారికి చెప్పారు. ఆవిడ గుండెలు బాదుకుని ఏడ్చారు. మర్నాడు ఇంజన్ మోగగానే సంచితో వచ్చి కూచుని, "ఆయనేరి?" అన్నారు. మళ్లీ చెప్పారు. మళ్లీ అప్పుడే విన్నట్టు ఏడ్చారు. ఆ మర్నాడూ అంతే. ఇంకో పొద్దున ఆవిడ అదే మాట అడిగేసరికి కొడుకు స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. అప్పుడు కోడలి నోట్లోంచి ఆ మాట జారింది.

"టీ తాగడానికి దిగారత్తయ్యా. వెనక బండిలో వస్తారు."

అత్తగారు కాసేపు ఆలోచించారు. "అదీ సంగతి. గ్లాసు చల్లారేదాకా ఊదుతూ కూచుంటే ఏ బండి ఆగుతుందమ్మా" అని విసుక్కుని, ప్రహరీ కేసి చూస్తూ కూచున్నారు. ఏడవలేదు.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో పొద్దుటి ప్రశ్నకి అదే జవాబు. కాలేజీలో ఎంత బట్టీపట్టినా కోడలికి ఏ జవాబూ ఇంత నమ్మకంగా నోటికి రాలేదు. ఫోన్లో ఆడపడుచుకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చెప్తే ఏమంటుందో తెలుసు.

చాలాకాలానికి దార్లు తెరిచారు. దుప్పట్లు పెరట్లోకి, పిల్లులు గోడ మీదికి వెళ్లిపోయాయి. పొరుగూళ్లో టైలరింగు చేసుకునే ఆడపడుచు మొదటి బస్సెక్కి వచ్చి తల్లిని పట్టుకుని ఏడ్చింది. "నాన్నని ఎలాగూ చూడలేకపోయాను. అమ్మకి సముద్రమైనా చూపిద్దాం అన్నయ్యా" అంది. సరేనని మర్నాడు బయల్దేరారు.

నలుగురే కావడంతో వ్యాన్ ఖాళీగా గడగడలాడుతూ పోయింది. దారిలో ఒక టీ హోటల్ దగ్గర ఆపారు. అత్తగారు దిగి, బోర్డు కేసి, బెంచీల కేసి, పొగలొచ్చే గ్లాసుల కేసి చూశారు. వెళ్లి ఒక బెంచీ మీద కూచుని సంచి ఒళ్లో పెట్టుకున్నారు. టీలు తాగడం అయినా లేవలేదు.

"ఎక్కమ్మా, సముద్రం దగ్గరికొచ్చేశాం" అన్నాడు కొడుకు.

"మీ నాన్న టీకి దిగిపోయారు కదరా. ఆ వెనక బండి రానీ."

"ఏ బండి?" అంది ఆడపడుచు.

డ్రైవరు వెళ్లి బానెట్ ఎత్తాడు. దానికి ఏ జబ్బూ లేదు.

హోటల్ వాడు బల్లలు తుడుస్తూ పలకరించాడు. "ఎవరికోసమమ్మా?"

"మా ఆయన కోసం. వెనక బండిలో వస్తున్నారు."

"వస్తార్లే. ఈ రోడ్డు మీద వెనక బండికి లోటేముంది" అన్నాడు అతను.

నిజంగానే లోటు లేదు. ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆగుతున్నాయి. ప్రతి బండికీ అత్తగారు సగం లేచి, దిగేవాళ్లని ఒక్కొక్కరినీ చూసి, మళ్లీ కూచుంటున్నారు. తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన దిగితే నవ్వుతూ రెండడుగులు వేసి, దగ్గరికొచ్చాక తల తిప్పుకున్నారు.

ఆడపడుచు కోడల్ని పక్కకి లాక్కెళ్లింది. "ఏంటి వదినా ఇది?"

కోడలు ఉన్నదంతా చెప్పింది.

"అంటే నాన్న పోయారని అమ్మకి తెలీదా? దాచేశారా?"

"దాచలేదు. చెప్పాం. రోజూ చెప్పాం. రోజూ ఏడ్చారు. నువ్వక్కడ ఒక్కసారి విన్నావు."

"అందుకని నాటకమా? అన్నయ్యా, నువ్వేం చేస్తున్నావు మధ్యలో?"

"ఆయిల్ చూస్తున్నా" అన్న మాట బానెట్ లోపల్నుంచి వచ్చింది.

"చూడు, బాగా చూడు. అమ్మకి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తా."

కోడలు బెంచీ కేసి చూసింది. చెప్తే ఈ మనిషి మళ్లీ మొదట్నుంచీ ఏడవాలి. చెప్పకపోతే చీకటి పడినా ఇక్కణ్నుంచి లేవరు. ఎత్తి బండిలో పడేస్తే, ఆయన్ని దారిలో వదిలేసి వచ్చామని జీవితాంతం అనుకుంటారు. కూతురు చెప్పడం కూడా ఆమెకి నచ్చలేదు. జవాబు తనది. దిద్దుకునేదీ తనే. వెళ్లి పక్కన కూచుంది.

"అత్తయ్యా, మామయ్యగారు రారు."

"బండి చెడిపోయిందా?"

"లేదు. జ్వరమొచ్చి ఆస్పత్రిలో పోయారు. చాలా కాలమైంది."

 పొద్దున తిన్నది గుర్తులేని మనిషికి ఒక మాట మాత్రం గుర్తుంది.

"మరి టీకి దిగారన్నావు?"

"అన్నాను."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. నేనే అన్నాను."

"ఇన్నాళ్లూ నన్నిలా ఎదురుచూస్తూ కూచోబెట్టావా?"

ఆవిడ ఏడుస్తారని కోడలు సిద్ధపడి ఉంది. ఆవిడ ఏడవలేదు. సంచి తీసుకుని, కోడలు చెయ్యందిస్తే పట్టుకోకుండా, తనంతట తనే బండెక్కి అన్నిటికన్నా వెనక సీట్లో కూచున్నారు. సముద్రానికి పోదామని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. డ్రైవరు బానెట్ దించి బండిని ఇంటి వైపు తిప్పాడు. ఆడపడుచు దారంతా తల్లి చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికే చూసింది.

మర్నాటికి మరిచిపోతారనుకున్నారు. మరిచిపోయారు కూడా. ఇంజన్ మోగగానే వచ్చి కూచుని "ఆయనేరి?" అన్నారు. అడిగింది మాత్రం కొడుకుని. అతను నట్లు బిగిస్తూ, "అమ్మా, కాస్త ఆ గుడ్డ అందుకో" అనేవాడు. గుడ్డ వెతికేలోపు ఆవిడ ప్రశ్న మరిచిపోయేవారు. రోజులు అలా నెట్టుకొచ్చాడు.

కోడలి విషయంలో మాత్రం ఆవిడ దేన్నీ మరవలేదు. మాత్ర వేసుకున్నారని కోడలంటే, "నువ్వంటావులే" అని వెళ్లి కొడుకుని అడిగి రావడమే. ఇవాళ ఆదివారమంటే పాలవాణ్ని ఆపి వాకబు చేయడమే. వాన పడుతోందంటే చెయ్యి బయటపెట్టి చూసుకునేవారు. "ఈ ఇంట్లో నా మాట చెల్లిందెప్పుడులే" అని కోడలు పక్కింటావిడ దగ్గర నవ్వేసేది. ఇంట్లోకొచ్చాక మాత్రం, తుడిచిన గట్టునే మళ్లీ తుడుస్తూ చాలాసేపు నిలబడేది.

"నిజం చెప్పాక అమ్మ ఎలా ఉంది?" అని ఆడపడుచు ఫోన్ చేసింది.

"నిజం మరిచిపోయారు. అబద్ధం నేను చెప్పానన్నది గుర్తుంది" అంది కోడలు.



ఒక పొద్దున డ్రైవరు బేరానికి వెళ్లాల్సి ఉండి బండి కింద ఏదో బిగిస్తున్నాడు. అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ఎదురుగా ఇంకెవరూ లేక, కోడల్నే అడిగారు.

"ఆయనేరి?"

కోడలు చేతిలో గిన్నె కింద పెట్టింది. రెండు జవాబుల్లో ఏది చెప్పినా ఆవిడ నమ్మరు. అలాంటప్పుడు నిజమే చెప్పడం తేలిక.

"పోయారత్తయ్యా."

అత్తగారు ఆమెని ఎగాదిగా చూసి, వాకిట్లోకి నడిచారు. బండి కింద నుంచి బయటికున్న కాళ్లని చెప్పుతో మెల్లిగా తట్టారు.

"ఒరేయ్, మీ ఆవిడ ఏదో అంటోంది. మీ నాన్న పోయారట. నిజమేనా?"

వంటింటి కిటికీలోంచి కోడలికి ఆ కాళ్లు కనబడుతున్నాయి. కదల్లేదు. గుడ్డ అందుకోమంటాడని చూసింది. అనలేదు. కాసేపటికి అతను పాకుతూ బయటికి వచ్చి నేల మీదే కూచున్నాడు.

"అవునమ్మా."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"చెప్పు."

"మూట కట్టేశారమ్మా. మొహం చూపించమని బతిమాలితే కొంచెం తెరిచారు. గడ్డం పెరిగిపోయింది, తెల్లగా. మా నాన్న కాదు, మా నాన్న రోజూ గీసుకుంటారు, మీరెవర్నో చూపిస్తున్నారని పోట్లాడాను. వాళ్లు మళ్లీ మూసేయబోయారు. అప్పుడు చెవి మీద పులిపిరి కనబడింది." అతను మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "కాదన్నానమ్మా నేను. మొదట కాదనేశాను."

అత్తగారు బండి మెట్టు మీద కూచున్నారు.

"గడ్డం గీయించాల్సిందిరా. మాసితే ఆయనకి నిద్ర పట్టదు."

"దగ్గరికి రానివ్వలేదమ్మా."

ఆవిడ కొడుకు తల మీద చెయ్యి వేసి ఏడవడం మొదలుపెట్టారు. రేపు ఇది ఆవిడకి గుర్తుండదు. రేపు మళ్లీ అడుగుతారు, మళ్లీ అతనే చెప్పాలి. కోడలు కుళాయి కట్టేసి, చప్పుడు కాకుండా కిటికీ దగ్గరే నిలబడింది. అతను ఇంకా చెప్తున్నాడు. ఆమె కూడా ఇదే మొదటిసారి వినడం.