గ్లాసు మీద చెంచా

పార్కులో అందరూ చేతులెత్తి ఎదురుచూస్తున్నారు, కామేశంగారు నడిమధ్య నిలబడి ఉన్నారు, ఈ పూట నవ్వు మొదలుపెట్టాల్సింది ఆయనే. నవ్వుల సంఘంలో అదే కట్టుబాటు, వంతు వచ్చినవాళ్లు ముందు తాము నవ్వాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. రక్తపోటు తగ్గడానికి నవ్వమని డాక్టరు చెబితే చేరిన ఈ రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు, ఎనిమిది నెలలుగా నోరు తెరిచి గాలి వదులుతున్నారే తప్ప ఒక్కనాడూ గొంతు కలపలేదని ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసిపోతుంది.

"కానివ్వండి మాస్టారూ," అంటారు సంఘం పెద్ద పట్టాభిగారు, "గుండెకు మంచిది, ఊపిరితిత్తులకు మంచిది, నిద్రకు మంచిది."

"మొగుడి పరువుకే మంచిది కాదు," అంటుంది వెనక నుంచి హైమవతి.

పోయి ఏడాది దాటిన భార్య, పచ్చిక మీద ఆస్పత్రి స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. చూస్తుండగానే పచ్చిక గచ్చవుతుంది, చెట్లు సెలైన్ స్టాండ్లవుతాయి, చేతులెత్తిన జనం పరీక్ష హాల్లో అదనపు కాగితాలడిగే పిల్లల్లా కాసేపు కనిపించి చెరిగిపోతారు.

"ఎవర్నడిగి చేరారు?" అంటుంది. బతికుండగా ఎన్నడూ చూడనంత కోపం, మెడ నరం తేలేంత కోపం.

"డాక్టరు రాసిచ్చాడు హైమా."

"నాకు ఎవరూ రాసివ్వకుండానే వచ్చేదండీ నవ్వు. మా తమ్ముడి పెళ్లిలో వచ్చింది. మీ ప్రిన్సిపాలుగారు భోజనానికి వచ్చిన రోజు వచ్చింది. వచ్చినప్పుడల్లా మీరేం చేశారు?"

ఆయన చేతిలో చెంచా ఉంది, ఎప్పుడు వచ్చిందో తెలియదు. పల్లెత్తు మాట అనని మనిషని కాకినాడలో ఆయనకు పేరు. నలుగురిలో ఉండగా హైమవతి నవ్వు వీధిలోకి వినబడితే ఆయన నిజంగానే ఏమీ అనేవారు కాదు, ఊరికే చెంచాతో స్టీలు గ్లాసు మీద రెండుసార్లు టింగు టింగుమనిపించేవారు, అంతే, నవ్వు తెగిపోయేది.

"ముప్పై ఒక్క ఏళ్లు," అంటుంది.

"మరి నువ్వెందుకు ఆగావు?" ఆయన గొంతు లేస్తుంది, తనకు ఇంత గొంతుందని ఆయనకే తెలియదు. "ఆ గ్లాసు తీసి విసిరికొట్టకపోయావా! నేనేమైనా కత్తి దూశానా? చెంచాయే కదా!"

"చెంచాయే. కత్తయితే మావాళ్లకు చెప్పుకుందును. చెంచా గురించి ఎవరికేం చెప్పుకోను?"

కామేశంగారు బయటపడే తలుపు కోసం వెతుకుతారు. తలుపు ఉండాల్సిన చోట నర్సు సలోమి నిలబడి ఉంది, హైమవతి ఒళ్లో నోటుబుక్కు ఉంది. హైమవతి ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, రోగిని నవ్విస్తూ ఉండండి, ఒంటికి మంచిది అని పెద్ద డాక్టరు అనడమే తరువాయి, ఆయన కొత్త నోటుబుక్కు కొని, జోకులకు నంబర్లు వేసి, పూటకు మూడు చొప్పున, మాత్రలతో పాటు, హాజరు పిలిచే గొంతుతో చదివేవారు.

హైమవతి అదే గొంతుతో చదువుతుంది. "పద్నాలుగు. ఒకడు దోమతెర కొన్నాడు. దోమల్ని లోపల ఉంచి తాను బయట పడుకున్నాడు. ఇక్కడ హాస్యం ఏమిటంటే, సాధారణంగా మనిషి లోపల, దోమలు బయట ఉంటాయి. ఇతడు ఆ క్రమాన్ని తారుమారు చేశాడు."

"మరి దోమలన్నీ లోపలికి ఎలా వెళ్లాయండి సార్?" అంటుంది సలోమి, ఆనాడు అడిగినట్టే.

"అది ప్రశ్నలో ఇవ్వలేదమ్మా," అంటారు కామేశంగారు, ఆనాడు చెప్పినట్టే.

ఆనాడు ఆడవాళ్లిద్దరూ మంచం ఊగేలా నవ్వారు. పక్క గదుల్లో రోగులున్నారని ఆయన చెంచా అందుకున్నారు. టింగు టింగు. హైమవతి ఆగిపోయింది. నాలుగో రోజున పోయింది. ఆ గ్లాసుతో ఆయన మళ్లీ మంచినీళ్లు తాగలేదు.

"ఆ పూట కూడా," అంటారు, ఏడాదిగా అడగాలనుకున్నది ఇదొక్కటే, "నిన్ను ఆపింది నేనేనా?"

"అన్నీ మీ ఘనతేననుకోకండి," అని కసురుతుంది హైమవతి. "ఊపిరందక ఆగాను. ఆ పూట మీ చెంచా నాకు వినబడనే లేదు."

ఆయన కళ్లు మూసుకుంటారు. "మరి మిగతావి?" అంటారు.

"వినబడ్డాయి. ఒక్కటీ పోకుండా అన్నీ వినబడ్డాయి." ఆ కోపం రవ్వంత కూడా తగ్గలేదు. "ఇప్పుడు చెప్పండి మాస్టారూ. దోమలు లోపలికి ఎలా వెళ్లాయి?"

"బహుశా," అని ఆయన బోర్డు ముందు నిలబడ్డట్టు మొదలుపెడతారు, "ముందు అతడే లోపల పడుకుని ఉంటాడు, దోమలన్నీ వచ్చాక, వాటికి నిద్రాభంగం కాకుండా, మునివేళ్ల మీద..."

మాట పూర్తికాదు. తెర కిందనుంచి పాక్కుంటూ వస్తున్న ఆ మనిషి కనిపిస్తాడు, చంకలో నోటుబుక్కుతో, అచ్చం తనలాగే. కడుపులో ఎక్కడో కదిలి, గుర్రం సకిలింపులా, సిగ్గూ లజ్జా లేకుండా నవ్వు తన్నుకొస్తుంది. హైమవతి లేచి చెంచా లాక్కుని గ్లాసు మీద కొడుతుంది, టింగు టింగు, "ఆగుతారా?" ఆయన ఆగలేరు, టింగు టింగు, "ఎలా ఉందండీ వినడానికి?" టింగు టింగు...

టక్ టక్.

కళ్లు తెరిచేసరికి కిటికీలో తెల్లవారి ఉంది. చప్పుడు పక్క వాటా గోడలోంచి వస్తోంది.

"మాస్టారండీ! కాస్త మెల్లగానండీ, పాప ఇప్పుడే పడుకుంది!"

అప్పుడు తెలిసింది ఆయనకు, దవడలు నొప్పి పెడుతున్నాయని, గదంతా మోగుతున్న ఆ చప్పుడు తన గొంతులోంచే వస్తోందని. అలవాటుగా చెయ్యి నోటిమీదకు లేచి, సగంలో నిలిచిపోయింది.

గోడ అవతలి నుంచి మళ్లీ రెండుసార్లు, టక్ టక్.