మా అమ్మ పాడలేదు

మా అమ్మ తన బతుకులో ఒక్క పాట కూడా పాడలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే, మా పిన్ని పనిచేసే సెంట్ల కొట్టు పుణ్యమా అని, ఆ వీధిలో సగం మందికి మా అమ్మ పాడుతుందనే తెలుసు.

పదో తరగతి పరీక్షలయ్యాక నాన్న నన్ను మా ఊరి నుంచి పిన్ని దగ్గరికి పంపాడు. పిన్ని అంటే అమ్మకి సొంత చెల్లెలు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఇంట్లో నా గొంతు వినపడటం లేదని, పట్నంలో నలుగురిలో తిరిగితే నోరు పెగులుతుందని ఆయన ఆశ. "దీని మాటలన్నీ డైరీకే సరిపోతాయి, మనుషులకి ఏమీ మిగల్చదు" అని పిన్ని నవ్వేది. నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదలలేక తనతోపాటు కొట్టుకి తీసుకెళ్ళేది. అక్కడ నా పని అద్దాల బల్లలు తుడవడం, వాసన చూపించే కాగితపు పట్టీలు కత్తిరించడం, నాలుగైదు రకాలు చూసి ముక్కు మొద్దుబారినవాళ్ళకి కాఫీ గింజల డబ్బా అందించడం. ఆ గింజలు ఒకసారి వాసన చూస్తే ముక్కు మళ్ళీ దారికొస్తుందట.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. సీసాలో ఏముందో చెప్పకూడదు. ఏ పువ్వు, ఏ చెక్క, ఏ నూనె అని ఎవరడిగినా నవ్వి ఊరుకోవాలి. పట్టీ మీద చుక్క వేసి, ముక్కు దగ్గరికి చేర్చి, ఒక దృశ్యం చెప్పాలి. "పువ్వు పేరు చెబితే బేరమాడతారు, దృశ్యం చెబితే కళ్ళు మూసుకుంటారు" అనేవాడు ఓనరు. ఆయనకి సెంటు పడదు. ఎప్పుడూ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే తిరిగేవాడు, అయినా తుమ్మేవాడు. ఆయన లేనప్పుడు అందరూ తుమ్ముల సారు అనేవాళ్ళు. ఒక సీసాకి ఒక దృశ్యం కుదిరిందంటే, ఏ కౌంటర్లో ఎవరున్నా ఆ సీసాకి అదే దృశ్యం చెప్పాలన్నది ఆయన ఆజ్ఞ.

దృశ్యాలు పుట్టించడంలో పిన్నిని మించినవాళ్ళు లేరు. ఆకుపచ్చ సీసా తీస్తే, "సెలవురోజు మధ్యాహ్నం. తెరలు వేసిన గది. పక్కింట్లో ఎవరో మంచం జరుపుతున్నారు. మీకు లేవాలని లేదు" అనేది. సన్నగా పొడవుగా ఉండే సీసాకి, "రైలు దిగారు. మీకోసం ఎవరూ రాలేదన్న సంగతి ఇంకా మీకు తెలియదు" అనేది. అది విని ఒకాయన పట్టీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు తలుపులు తీసేసరికి సీసా కోసం గుమ్మంలో ఉన్నాడు. మా పిన్నేనని అందరికీ చెప్పాలనిపించేది. చెప్పేదాన్ని కాదు.

నీలంమూత సీసా ఒక్కటే ఆమెకి లొంగలేదు. సముద్రమంది, తెల్లవారుజామంది, ఏదీ అతకలేదు. పక్క కౌంటర్లో ఉండే ఆవిడ, తాటిచెట్టంత ఎత్తు ఉంటుందని అందరూ పొడుగక్క అనేవాళ్ళు, ఆమె కూడా వాసన చూసి, "నాకైతే ఆస్పత్రి దుప్పటి కనిపిస్తోంది. చెబితే కొంటారా, పారిపోతారా?" అంది. భోజనాల వేళ కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు పిన్ని పట్టీ తెచ్చి నా ముక్కు కింద పెట్టింది.

"నువ్వు చెప్పవే. ఏం కనిపిస్తోంది?"

మా అమ్మ కనిపించింది.

తడి బట్ట మీద వేడి ఇత్తడి పెడితే వచ్చే వాసన అది. వానాకాలంలో నా స్కూలు గౌను ఆరేది కాదు. ఉన్నదే ఒకటి. అమ్మ ఇత్తడి చెంబులో పొయ్యిలోని నిప్పులు పోసి, చెంబు మెడకి గుడ్డ చుట్టి పట్టుకుని, గౌను మీద రుద్దేది. బుస్సుమని ఆవిరి లేచేది. కాస్త మాడిన వాసన, కాస్త సబ్బు వాసన. నేను చలికి ముడుచుకుని పక్కనే కూర్చునేదాన్ని. అమ్మ రుద్దుతున్నంతసేపూ గుమ్మంలోంచి మబ్బుకేసి చూస్తూ దాన్ని తిట్టేది. మామూలు తిట్లు కాదు. మబ్బు మా ఎదురింటి ఆవిడ అన్నట్టు, ఎప్పటి కక్షో తీర్చుకోవడానికి వచ్చిందన్నట్టు తిట్టేది. ఆ తిట్లు వింటుంటే నాకు వెచ్చగా ఉండేది.

అదంతా పిన్నికి చెప్పాను. అమ్మ పోయాక నేను అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. పిన్ని, నేను అప్పుడే తుడిచిన అద్దాన్ని మళ్ళీ తుడిచింది.

ఆ వారంలోనే ఒక రోజు నేను బల్లకింద కూర్చుని పట్టీలు కత్తిరిస్తుంటే పైనుంచి పిన్ని గొంతు వినిపించింది. ఎవరో కొనడానికి వచ్చినావిడకి చెబుతోంది. "వాన పడుతున్న పొద్దు. మీరింకా చిన్నపిల్ల. అమ్మ మీ బట్టలు వెచ్చచేస్తోంది. ఆవిరి మెల్లగా లేస్తోంది. అమ్మ సన్నగా పాట పాడుతూ, మీ జడలో పువ్వు పెట్టింది."

కత్తెర నా చేతిలో అలాగే ఉండిపోయింది. పాటా? పువ్వా? మా అమ్మ నా జడ వేస్తే కళ్ళు పైకి లాక్కుపోయేవి. పువ్వు పెట్టే తీరిక ఎవరికుంది! పైన ఆవిడ ముక్కు ఎగబీల్చి, "రెండు సీసాలివ్వండి" అంది.

మధ్యాహ్నానికి పొడుగక్క కూడా అందుకుంది. ఆమె చేతిలో అమ్మ ఇంకా మెత్తబడింది. లాలిపాట పాడింది, నుదుటి మీద ముద్దు పెట్టింది. చివర్లో పొడుగక్క కళ్ళొత్తుకుని, "అచ్చం మా అమ్మేనండీ" అంది. వాళ్ళమ్మ నిక్షేపంలా ఉంది. వెనక వీధిలోనే ఉంటుంది, రోజూ ఈమెకి అన్నం క్యారియర్ తెస్తుంది!

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్టాపులో పిన్నిని అడిగాను.

"పిన్నీ, అమ్మ ఎప్పుడు పాడింది?"

"ఎవరమ్మ?"

"నీలంమూత అమ్మ."

పిన్ని సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "తిట్లు ఎవరు కొంటారే? కాస్త మెత్తగా చెబితే తప్పేముంది? మంచిగానే చెప్పాను కదా అక్క గురించి."

"అమ్మ మంచిదే. నువ్వు బాగుచెయ్యక్కర్లేదు."

"అబ్బో, నోరొచ్చిందే!" అంది పిన్ని. తర్వాత ఆమెకీ కోపం వచ్చింది. "నీకు అమ్మ కాకముందు అది నాకు అక్క. నీ ఒక్కదాని సొత్తేం కాదు."

"అయితే నీ అక్కని చెప్పుకో. మా అమ్మని ఎందుకు చెబుతున్నావు?"

బస్సు వచ్చింది. ఇద్దరం వేరువేరు సీట్లలో కూర్చున్నాం.

కోపం వరకైతే నేను ఓర్చుకునేదాన్నేమో. నాకు మాటలు మింగడం అలవాటే. కానీ మర్నాడు ఎవరూ చూడకుండా నీలంమూత తీసి వాసన చూశాను. ఆవిరి లేచింది. చెంబు కనిపించింది. అమ్మ గుమ్మంకేసి తిరిగి నోరు తెరిచింది. పాట వచ్చింది.

కాఫీ గింజలు వాసన చూసి మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ పాటే. అది పొడుగక్క గొంతు. రోజంతా చెవి పక్కనే మోగుతుంటే అమ్మ గొంతు ఎక్కడ నిలుస్తుంది? నా దగ్గర అమ్మ ఫొటో ఒకటుంది, అందులో ఆమె నోరు మూసుకుని ఉంది. గొంతు ఉన్నది ఈ వాసనలోనే. అదీ ఊడ్చేస్తున్నారు, నవ్వుతూ, కాగితపు పట్టీల మీద చుక్కలు వేసుకుంటూ.

సీసా దాని చోట పెట్టేసి నేను బల్లకింద తుడుస్తుంటే, గొడుగు విదిలించుకుంటూ ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. పొడుగక్క నీలంమూత సీసా అందుకుంది. పిన్ని తన కౌంటర్లో ఉంది. తుమ్ముల సారు గల్లా దగ్గర ఉన్నాడు.

"వాన పడుతున్న పొద్దు," మొదలుపెట్టింది పొడుగక్క. "అమ్మ సన్నగా లాలిపాట..."

"పాడలేదండీ."

ఆ మాట అన్నది ఎవరా అని నేను కూడా చూశాను. నేనే. బల్లకింద నుంచి లేచి, చేతిలో తుడుపుగుడ్డతో నిలబడి ఉన్నాను.

"ఏం పాపా?" అంది పెద్దావిడ.

"పాడలేదండీ. తిట్టింది. ఆ సీసాలో ఉన్నది మా అమ్మ. గౌను మీద నిప్పుల చెంబు రుద్దుతూ మబ్బుని తిట్టేది."

"ఊరుకోవే పిల్లా," అని పొడుగక్క నా చెయ్యి లాగింది. నేను ఊరుకోలేదు. ఊరుకుంటే అమ్మ పాడుతుంది. మబ్బు ఎక్కడుందో చూసుకుని, వీధి గుమ్మంకేసి తిరిగి, అమ్మ ఎంత గట్టిగా అనేదో అంత గట్టిగా అన్నాను.

"నీ దుంప తెగ! రాత్రంతా ఏడ్చింది చాలక పొద్దున్నే తయారయ్యావా? నా పిల్ల బడికి పోవద్దూ? దానికి లెక్కలు నువ్వొచ్చి చెబుతావా? పో, పోయి సముద్రం మీద పడి ఏడువు, అక్కడ ఎవరి బట్టలూ తడవవు! నీ కొంప... నీ కొంపకి..."

అక్కడ ఆగిపోయాను. తర్వాతి మాట రాలేదు. వెతుకుతున్నాను, దొరకడం లేదు. దాని చోట సన్నగా ఆ పాడు పాట వినిపిస్తోంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏడుపు కాదు, ఉక్రోషం.

"నీ కొంప కప్పెగిరిపోనూ," అంది వెనకనుంచి పిన్ని. "నీ నెత్తిన నువ్వే కురుసుకుని చావ!"

అదే! అదే మాట, అదే సాగదీత, చివర్న అమ్మ కొట్టే అదే విరుపు. పిన్ని కౌంటరు అంచు పట్టుకుని నిలబడి ఉంది, ముఖం ఎర్రగా ఉంది. "మా చిన్నప్పుడు కప్పు కారుతుంటే నా నెత్తిన గోనెపట్టా పట్టుకుని ఇలాగే తిట్టేది," అంది, ఎవరికో చెబుతున్నట్టు. "తనేమో తడుస్తూనే."

పెద్దావిడ పట్టీ బల్లమీద పెట్టేసింది. "పాడే అమ్మ ఉన్నది ఏదైనా ఉంటే చూపించండమ్మా," అంది. ఏదీ కొనకుండానే గొడుగు తీసుకుని వెళ్ళింది.

తుమ్ముల సారు రుమాలు తీసి మరీ అరిచాడు. "ఇదేం కొట్టా, కుళాయి దగ్గర తగాదానా? తనెవరనుకుంటోంది ఆ పిల్ల?"

"మా అక్క కూతురండీ," అంది పిన్ని. "ఆ సీసాకి దృశ్యం ఇదే. మీరే అన్నారుగా, ఒక సీసాకి ఒకటేనని. చెప్పమంటే ఇకనుంచి నేను ఇదే చెబుతాను."

ఆయన ఏదో అనబోయి తుమ్మాడు. తుమ్ము అయ్యాక, "తిట్లు అమ్ముకునే ఖర్మ నాకేం పట్టలేదు. వెనక అరలో పారెయ్యండి దాన్ని" అన్నాడు.

వెనక అరలో నేనే పెట్టాను, పట్టీల కట్టల పక్కన, నా చేతికి అందేచోట. బస్సులో ఆ రోజు ఒకే సీట్లో కూర్చున్నాం. నేను ఇంకా సరిగ్గా మాట్లాడలేదు. "అమ్మ ఇంకా ఏమేం తిట్టేది?" అని మాత్రం అడిగాను. దిగేదాకా పిన్ని చెబుతూనే ఉంది, ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పాట ఊరికే పోవడం ఎందుకని పొడుగక్క దాన్ని గులాబీరంగు సీసాకి మార్చుకుంది. బాగానే అమ్ముడవుతోందట. అందులో పాడేది ఎవరి అమ్మో నాకు తెలియదు. మా అమ్మ మాత్రం కాదు.