ఆరుగురైతే వెండి

వరస ఎక్కడ మొదలైందో తవిటమ్మకు కనిపించడం లేదు, ఎక్కడ ముగుస్తుందో అంతకన్నా కనిపించడం లేదు. మధ్యలో మాత్రం ఆడవాళ్ళు, తలలకు పూల రుమాళ్ళు కట్టుకున్న రష్యా తల్లులు, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న జర్మనీ తల్లులు, ఒకరి వెనక ఒకరు, ముందున్న బల్ల దగ్గరికి మెల్లగా జరుగుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా అయిపోలేదని అందరికీ తెలుసు, తవిటమ్మకూ తెలుసు, ఎలా తెలుసని అడిగేవాళ్ళు లేరు. ఎక్కువమంది బిడ్డల్ని కన్న తల్లులకు ప్రభుత్వాలు పతకాలిస్తున్నాయి.

ఆ పతకాలు ఆమెకు కొత్తేమీ కాదు. ఉక్కు కర్మాగారం పనిమీద విశాఖపట్నం వచ్చిన రష్యా కుటుంబమేదో వదిలిపోయిన పతకం పాత సామాన్ల కొట్టులో కంటబడిన రోజు నుంచి ఆమె వాటిని సేకరిస్తూనే ఉంది. గుండ్రటి బిళ్ళ, దాని మీద బిడ్డను ఎత్తుకున్న తల్లి బొమ్మ. ఐదుగురిని పెంచిన తల్లికి కంచుది, ఆరుగురైతే వెండిది, అదీ చివరి బిడ్డకు ఏడాది నిండాకే. యుద్ధంలో పోయిన కొడుకుల్ని కూడా లెక్కలోంచి తీసెయ్యరని చదివిన రోజున ఆమె ఆ పేజీ కొన మడిచి పెట్టుకుంది. "ఊళ్ళో ఆడోళ్ళు చీరలు దాసుకుంటారు, మా ఆవిడ ఎవళ్ళమ్మల బిళ్ళలో దాస్తాది" అని భర్త జోగినాయుడు వచ్చినవాళ్ళందరితోనూ అంటాడు.

వరసలో, ఇద్దరు రష్యా తల్లుల నడుమ, చంకలో చేట పెట్టుకుని అప్పలనరసమ్మ నిలబడి ఉంది. ఆమె పోయి చాలా ఏళ్ళయిందన్నది తవిటమ్మకు గుర్తుంది, గుర్తుండటం వల్ల ఇబ్బందేమీ లేదు.

"పిన్నీ!"

అప్పలనరసమ్మ ఆమెకు పిన్ని కాదు, కన్నతల్లి. తవిటమ్మకు ముందు పుట్టిన ముగ్గురూ ఏడాది తిరగకుండానే పోయారు. నాలుగో కాన్పులో ఈ పిల్ల పుట్టగానే మంత్రసాని చేటలో పడుకోబెట్టి గడప దాటించింది, పక్కింటి కాశమ్మ కుంచెడు తవుడు పోసి కొనుక్కుంది. ఎవరి పిల్లో తెలియక మృత్యువు వెనక్కి పోతుందని విజయనగరం పల్లెల్లో నమ్మకం. కొన్న పిల్ల ఆ పూటే పుట్టినింటికి వచ్చింది, ఆ తల్లి పాలే తాగింది, ఆ తల్లి పక్కలోనే పడుకుంది. కానీ పేరు తవిటమ్మ అయింది, కాశమ్మ అమ్మ అయింది, కన్నతల్లి పిన్ని అయింది. ఆ తరవాత పుట్టిన ఐదుగురూ బతికారు, ఐదుగురూ ఇల్లు ఎగిరిపోయేలా "అమ్మా" అని అరిచారు. తవిటమ్మ నోట ఆ మాట వస్తే మాత్రం, ఏ పనిలో ఉన్నా సరే, అప్పలనరసమ్మ చెయ్యి వచ్చి ఆ నోరు మూసేది.

"ఏటే గుంటా, ఇలాగ సిక్కిపోనావు? నాయుడు తిండెట్టడం నేదేటి?"

"ఆయనకి నేను పెడతాను పిన్నీ, ఆయన నాకు పెట్టడు."

"అదే అంటన్నాను. నేర్పుకోవాల."

వరస జరుగుతుంది. కాళ్ళ కింద నాపరాయి ఉన్నట్టుండి పేడనీళ్ళు చల్లిన మట్టి అవుతుంది, మళ్ళీ నాపరాయి అవుతుంది. గోడ ఉండాల్సిన చోట సముద్రం ఉంది, చప్పుడు మాత్రం లేదు. బల్ల వెనక కూర్చున్నవాడు ఒకసారి భుజాల మీద నక్షత్రాలున్న అధికారి, ఒకసారి వాళ్ళ ఊరి రేషను డీలరు, ఎవరైనా విసుగు ఒకటే.

"ఎంతమంది?" అంటాడు.

"ఐదుగురు బాబూ," అంటుంది అప్పలనరసమ్మ.

"ఆరుగురం," అంటుంది తవిటమ్మ.

"ఐదుగురికి కంచు, ఆరుగురికి వెండి. ముందు మీలో మీరు తేల్చుకోండి."

"తేల్చుకోడానికేటుంది? కంచుదే ఇచ్చీ. బిందెల్తోపాటు సింతపండెట్టి తోముకుంటాను."

"పిన్నీ, కంచు పతకం తోమకూడదు. ఆ నలుపే దానికి విలువ."

"మురికికి ఇలువేటే? బీయే సదివి ఇదేనా నేర్సుకున్నావు?"

వెనకనున్న రష్యా తల్లి ఫక్కున నవ్వుతుంది, ఆమెకు తెలుగు ఎలా వచ్చో తవిటమ్మకు అనుమానం రాదు. తల్లిని మోచేయి పట్టుకుని పక్కకు లాగుతుంది, పక్కన అంటే ఎక్కడో కాదు, వాళ్ళ పాత ఇంటి వసారాయే, ఎండ కూడా ఆ ఇంటి ఎండే, గాలిలో తవుడు నుసి బంగారంలా లేస్తోంది.

"నన్నెందుకు లెక్కలో వెయ్యవు?"

"అమ్మీసినాను గదే నిన్ను."

"కాశమ్మ పోయింది. తవుడు ఆవులు తినేశాయి. ఇంకా ఏం అమ్మకం?"

"మెల్లిగా మాటాడు. ఇంటాది."

"ఎవరు?"

అప్పలనరసమ్మ బిడ్డ దగ్గర మృత్యువు పేరు తీయకూడదన్నట్టు సముద్రం వైపు చూస్తుంది.

"నువ్వు పోయిన రోజున ఐదుగురూ 'అమ్మా' అని ఏడ్చారు," అంటుంది తవిటమ్మ. "నాకు అలవాటు పోలేదు, 'పిన్నీ' అని ఏడ్చాను. పరామర్శకొచ్చినావిడ ఎవరో నన్ను జరగమంది, కూతుళ్ళకి చోటివ్వమంది. జరిగాను."

"ఇన్నాను. పాడె మీద నుంచే ఇన్నాను. దాని నోరు పడిపోనూ." అప్పలనరసమ్మ గొంతు సన్నబడుతుంది. "నెగిసి దాన్ని తన్నుదునే, కాళ్ళు కట్టీసినారు."

ఇద్దరికీ నవ్వు వస్తుంది, నవ్వు ఎంతసేపు ఉందో తెలియదు, అది ఆగాక తవిటమ్మ అడుగుతుంది: "నువ్వే పోయావు. ఇంకా నీకేం భయం పిన్నీ?"

"నాను సచ్చిపోనాను గాని నా బయం సావలేదే. ముగ్గుర్ని మట్టిలో ఎట్టినాను. నిన్ను నాదని ఒక్కపాలి నోరారా అన్నానంటే, ఆ ముగ్గురి పక్కనే నిన్నూ..."

"నాకు అరవై దాటాయి. నన్ను చూడు."

అప్పలనరసమ్మ చూస్తుంది. ఇంతసేపూ ఎవరిని చూస్తూ మాట్లాడిందో గాని, ఇప్పుడే ఈ మనిషిని చూసినట్టు తేరిపార చూస్తుంది. చేట కింద పెట్టి, కూతురి చెవి పక్క జుట్టు వేళ్ళతో పాయ తీస్తుంది.

"ఇదేటే, నెరిసిపోనాది?"

"నెరిసింది."

"పళ్ళు?"

"రెండు కట్టించుకున్నాను."

"మనవలా?"

"మనవరాలు. దానికి మొన్ననే ఏడాది నిండింది."

అప్పలనరసమ్మ ఆ నెరిసిన పాయను ఎండకు పట్టి చూస్తుంది, కొన్న చీర అంచు చూసుకున్నట్టు చూస్తుంది. ముసలితనం ఇంత అందంగా ఉంటుందని తవిటమ్మకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"ఒగ్గీసినాది నిన్ను, ఒదిలీసి ఎల్లిపోనాది," అంటుంది తల్లి, తనలో తను. "ఎప్పుడో ఒగ్గీసినాది. నానే ఎరగను."

"ఏమ్మా, ఎంతమంది?" బల్ల వెనక నుంచి కేక. వసారా లేదు. ఇద్దరి మధ్యలోకి రుమాళ్ళు, కోట్లు, భుజాలు వచ్చి చేరుతున్నాయి. అప్పలనరసమ్మ వరసతోపాటు ముందుకు పోతోంది, నడుస్తున్నట్టు లేదు, ఆ నేలే ఆమెను మోసుకుపోతోంది. బల్ల దగ్గర వెనక్కి తిరుగుతుంది. నోరు తెరుస్తుంది, కానీ అంకె చెప్పదు. చెప్పేముందు తనకేదో వినిపించాలన్నట్టు, కూతురి నోటి వైపే చూస్తూ నిలబడుతుంది.

తవిటమ్మ పిలవబోతుంది. పెదవులు పాత అలవాటుకొద్దీ 'పిన్నీ' అనడానికి సిద్ధమవుతాయి. వాటిని కలిపి పట్టుకుంటుంది, ఒక చెయ్యి వచ్చి మూస్తుందేమోనని ఒక్క క్షణం ఆగుతుంది. ఏ చెయ్యీ రాదు. ఊపిరంతా కూడదీసుకుని పిలుస్తుంది.

బయట ముసురు. మధ్యాహ్నం ఎప్పుడు చీకటి పడ్డట్టయిందో తెలియలేదు. బల్ల మీద చెంప ఆన్చి పడుకున్న తవిటమ్మకు మెలకువ వచ్చేసరికి మెడ పట్టేసింది. మూసిన తలుపు అవతల నుంచి జోగినాయుడు అడుగుతున్నాడు.

"పిలిచేవా?"

"నిన్ను కాదు."

"మరెవర్ని? ఇంట్లో ఎవలున్నారని?"

ఆమె పెదవులకు ఆనుకుని వెండి పతకం ఉంది, దాని మీద ఊపిరి తగిలి తెల్లటి ఆవిరి. బిడ్డను ఎత్తుకున్న తల్లి ఆ ఆవిరి వెనక కనిపించీ కనిపించకుండా ఉంది. తేమ తగిలితే వెండి మచ్చ పడుతుందని ఆమెకు తెలుసు, మెత్తటి గుడ్డ చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె దాన్ని తీసుకోలేదు. అంచుల నుంచి కొంచెం కొంచెంగా తగ్గిపోతున్న ఆ తెలుపును చూస్తూ, తల కదపకుండా, అలాగే ఉండిపోయింది.